లూసిడ్ డ్రీమ్ కోసం ఎలా పడుకోవాలి? మీ ఒంటికి నప్పే భంగిమ వెతుక్కునే పద్ధతి

లూసిడ్ డ్రీమ్స్ (ఇది కలేనని కలలో ఉండగానే తెలిసే కలలు) గురించి ఎంత రాసినా, చదివినవాళ్లు చివరికి అడిగేది ఒకటే: "అదంతా సరే, ఇంతకీ ఎలా పడుకోవాలి?" అడిగేవాళ్లలో రెండు రకాలు కనిపిస్తారు. కొందరు ఎక్కడో చదివి వెల్లకిలా, చేతులు చాపుకుని, కదలకుండా పడుకుంటారు. గంటైనా నిద్ర రాదు, నడుము మాత్రం పట్టేస్తుంది. ఇంకొందరు ఎప్పటిలాగే పక్కకు తిరిగి ముడుచుకుంటారు. రెండు నిమిషాల్లో నిద్ర పట్టేస్తుంది, కళ్లు తెరిచేసరికి తెల్లారిపోయి ఉంటుంది. కల వచ్చిందో లేదో కూడా గుర్తుండదు.

ఇద్దరూ రాత్రంతటికీ పనికొచ్చే ఒకే ఒక్క భంగిమ కోసం వెతుకుతున్నారు. అలాంటిది లేదు. మీకు కావలసినవి రెండు. రాత్రి మొదట పడుకునేటప్పుడు ఒకటి, తెల్లవారుజామున లేచి మళ్లీ పడుకునేటప్పుడు ఇంకొకటి. మొదటిది ఎంత సుఖంగా ఉంటే అంత మంచిది. రెండోది ఎంత సుఖంగా ఉండాలన్నది మీరు చేయబోయే పద్ధతిని బట్టి ఉంటుంది. ఈ తేడా పట్టుకుంటే సగం ఇబ్బంది తీరినట్టే.

తెల్లవారుజామే ఎందుకు?

రాత్రి నిద్ర ఇంచుమించు 90 నిమిషాల విడతలుగా సాగుతుంది. ప్రతి విడత చివర్లో రెమ్ నిద్ర వస్తుంది. కనురెప్పల కింద కళ్లు వేగంగా కదిలే ఈ దశను 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్తలు ప్రపంచానికి చెప్పారు. మొదటి విడతల్లో రెమ్ కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారే కొద్దీ పొడవవుతుంది. లూసిడ్ డ్రీమ్స్ ఎక్కువగా వచ్చేది ఇక్కడే. రెమ్‌లో ఒంటి కండరాలు దాదాపు పూర్తిగా వదులైపోతాయి, కళ్లు మాత్రం కదులుతాయి. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హర్న్ అనే పరిశోధకుడు ఈ వెసులుబాటునే వాడుకున్నాడు. ఆలన్ వార్స్‌లీ అనే వ్యక్తి కలలో ఉండగానే, ముందు అనుకున్న ప్రకారం కళ్లను ఎడమకూ కుడికీ తిప్పాడు, యంత్రం దాన్ని నమోదు చేసింది. కలలో ఎరుక ఉండటం నిజమేనని అలా రుజువైంది.

మన పనికి ఇందులోంచి కావలసినవి రెండు సంగతులు. రాత్రి పదింటికి పడుకుని వెంటనే ప్రయత్నం మొదలుపెడితే పెద్దగా లాభం లేదు. రెండోది, రెమ్‌లో కండరాలు వదులవుతాయి కాబట్టి, మీరు బిగపట్టి నిలబెట్టుకుంటున్న భంగిమ ఏదైనా ఆ క్షణానికి జారిపోతుంది. మెడ వాలుతుంది, చెయ్యి పడిపోతుంది. అందుకే భంగిమను కండరాలతో కాదు, దిండ్లతో నిలబెట్టాలి.

వీళ్లు ఇప్పుడే మొదలుపెట్టొద్దు

గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచేవాళ్లు ముందు డాక్టర్‌ని కలవాలి. అది స్లీప్ ఆప్నియా కావచ్చు. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, రెమ్ నిద్రలో ఇంకా ఎక్కువవుతుంది. మూర్ఛ, బైపోలార్, సైకోసిస్ లాంటి సమస్యలున్నవాళ్లు నిద్రను మధ్యలో తెంచే ఏ ప్రయోగమూ డాక్టర్‌ని అడగకుండా చేయకూడదు. గర్భిణులు 28 వారాలు దాటాక వెల్లకిలా నిద్రపోవద్దని వైద్యులు చెబుతారు, కాబట్టి కింద రాసిన వెల్లకిలా పద్ధతి వాళ్లకు వర్తించదు. పొద్దున్నే దూరం బండి నడపాల్సిన రోజున ఎవరూ అలారం పెట్టుకుని లేవొద్దు.

కావలసినవి

తల కింద దిండు ఒకటి. మోకాళ్ల దగ్గరికో, కౌగిలించుకోవడానికో ఇంకొకటి, కాస్త పొడవైనది. చుట్టగా చుట్టుకోవడానికి ఒక తువ్వాలు. చిన్నగా మోగే అలారం. పక్కనే పుస్తకం, పెన్ను. కళ్లకు గంత గానీ మెత్తటి గుడ్డ గానీ. వదులు బట్టలు. అంతే. ప్రత్యేకమైన పరుపు, లైట్లు వెలిగే హెడ్‌బ్యాండ్, మాత్రలు ఏవీ అక్కర్లేదు. మాత్రల జోలికి అసలే వెళ్లొద్దు.

వీటన్నిటికంటే ముందు, నిద్ర బాకీ లేకుండా ఉండాలి. వారం రోజులుగా ఐదేసి గంటలే పడుకుంటున్న మనిషికి ఏ భంగిమా పనిచేయదు. ఒళ్లు ముందు గాఢనిద్రనే లాక్కుంటుంది.

1. మొదటి వారం ఏమీ మార్చకండి, గమనించండి

మీ శరీరానికి ఇప్పటికే ఒక అలవాటు ఉంది. దాన్ని తెలుసుకోకుండా మార్చబోవడం దండగ. రోజూ పొద్దున కళ్లు తెరవగానే, కదలకముందే, మూడు సంగతులు గమనించి రాసుకోండి. ఏ భంగిమలో మెలకువ వచ్చింది? ఎక్కడైనా నొప్పి, తిమ్మిరి ఉన్నాయా? కల గుర్తుందా, లేదా? రాత్రి ఏ భంగిమలో నిద్ర పట్టిందో కూడా గుర్తుంటే రాయండి.

కలను పూర్తిగా రాయనక్కర్లేదు. "మెట్లు, నీళ్లు, చిన్నప్పటి బడి" అని మూడు మాటలు చాలు. వారం తిరిగేసరికి, ఫలానా పక్కకు తిరిగి లేచిన రోజుల్లో కలలు ఎక్కువ గుర్తుంటున్నాయని మీకే కనిపించవచ్చు. అలా కనిపిస్తే మీ వెతుకులాట అక్కడి నుంచే మొదలుపెట్టండి.

2. పద్ధతిని ఎంచుకోండి, భంగిమ తర్వాత

భంగిమ గురించి అడిగేవాళ్లు చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. ఏ పద్ధతికో చెప్పకుండా ఏ భంగిమ మంచిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మైల్డ్ పద్ధతి: స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసిన స్టీఫెన్ లాబర్జ్ రూపొందించినది. తెల్లవారుజామున లేచి, ఇందాకటి కలను గుర్తు చేసుకుని, "ఈసారి కల వస్తే అది కలేనని గుర్తుపడతాను" అని మనసులో అనుకుంటూ నిద్రపోతారు. ఇందులో ఎరుక తప్పి నిద్రపోవడం తప్పు కాదు, అదే కావాలి. కాబట్టి మీకు అన్నిటికంటే హాయైన భంగిమే సరైనది. 2017లో అడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెన్‌హోమ్ ఆస్పీ ప్రచురించిన అధ్యయనంలో, మైల్డ్ ముగించిన 5 నిమిషాల్లోపు నిద్రపోగలిగినవాళ్లకు దాదాపు 46 శాతం ప్రయత్నాల్లో లూసిడ్ డ్రీమ్ వచ్చింది. త్వరగా నిద్ర పట్టడానికి ఎంత విలువ ఉందో చూడండి. వెల్లకిలా పడుకుని కుస్తీ పట్టేవాళ్లు పోగొట్టుకుంటున్నది దీన్నే.

వైల్డ్ పద్ధతి: మెలకువ తెగకుండా నేరుగా కలలోకి వెళ్లడం. ఇక్కడ మరీ సుఖమైన భంగిమ పనికిరాదు, ఎరుక ఇట్టే జారిపోతుంది. అలవాటైన భంగిమకంటే ఒక్క మెట్టు తక్కువ సుఖంగా ఉండాలి. ఒక్క మెట్టే. నొప్పి పుట్టేంత కాదు.

వేళ్ల పద్ధతి: నిద్ర ముంచుకొస్తుండగా చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి, కంటికి కనిపించనంత చిన్నగా కదుపుతూ ఉండటం. దీనికి ఏ భంగిమైనా ఫర్వాలేదు, కానీ ఒక అరచెయ్యి పరుపుమీద బోర్లా, బరువేమీ పడకుండా ఉండాలి.

కొత్తవాళ్లకు నా సలహా మైల్డ్. వైల్డ్ అందంగా వినిపిస్తుంది, కానీ మొదట్లోనే దానిమీద పడితే రాత్రుళ్లు వృథా అయి విసుగొస్తుంది.

3. రాత్రి మొదటి సగం

ఇక్కడ నియమాలేవీ లేవు. మీకు ఎలా ఇష్టమైతే అలా పడుకోండి. ఆరోగ్యపరంగా చూసుకోవలసినవి మాత్రం కొన్ని ఉన్నాయి. పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట ఉంటే ఎడమ పక్కకు ఒత్తిగిలండి. గురక ఉంటే ఏ పక్కకైనా సరే, వెల్లకిలా మాత్రం వద్దు. బోర్లా పడుకునే అలవాటుంటే మెడ గంటల తరబడి ఒకే వైపు మెలిపడి ఉంటుంది కాబట్టి పలచటి దిండు వాడండి.

నిద్రలో అటూ ఇటూ దొర్లుతున్నామని కొందరు బెంగపడతారు. దొర్లడం మామూలే, ఆరోగ్యానికి మంచిదే. మీ ఎంపిక మీ చేతిలో ఉండేది మెలకువగా ఉన్నప్పుడే.

4. లేవడం, మళ్లీ పడుకోవడం

నిద్ర పట్టిన నాలుగున్నర నుంచి ఆరు గంటల తర్వాత మోగేలా అలారం పెట్టండి. మోగగానే దాన్ని ఆపి, మళ్లీ కళ్లు మూసుకుని, ఏం కల వచ్చిందో ఒక్క నిమిషం వెతుక్కోండి. తర్వాత లేవండి. బాత్రూమ్‌కి వెళ్లి రండి, ఇది తప్పనిసరి. మూత్రం నిండుగా ఉంచుకుని ఏ భంగిమలోనూ పది నిమిషాలు కుదురుగా ఉండలేరు. గొంతు తడుపుకోండి. 20 నుంచి 30 నిమిషాలు మంద్రమైన వెలుతురులో గడపండి. కల రాసుకోండి, లూసిడ్ డ్రీమ్స్ గురించి కాస్త చదువుకోండి. ఫోన్ తెరవొద్దు.

మళ్లీ పడుకునే ముందు పక్క సర్దుకోండి. దిండు ఎత్తు సరిచూడండి, దుప్పటి మడతలు విదిలించండి. రెమ్ నిద్రలో శరీరం తన వేడిని సరిగా సర్దుకోలేదు. కాబట్టి చెమట పట్టేంత మందంగా కప్పుకోవద్దు, కాళ్లు చల్లబడేలా వదిలేయొద్దు.

5. రెండో భంగిమను కట్టుకోవడం

ఇది తీరిగ్గా చేయాల్సిన పని. కింద నాలుగు భంగిమలున్నాయి. ఒక్కొక్క దాన్నీ పగటిపూట, నిద్ర రాని సమయంలో, 15 నిమిషాలు పడుకుని పరీక్షించండి. తెల్లవారుజామున చీకట్లో దిండ్లు వెతుక్కుంటూ కూర్చుంటే వచ్చే నిద్ర కూడా పోతుంది.

పక్కకు ఒత్తిగిలి: ఎక్కువమందికి కుదిరేది ఇదే. ముందు దిండు ఎత్తు చూసుకోవాలి. భుజానికీ చెవికీ మధ్య ఉన్న ఖాళీ సరిగ్గా నిండాలి, ముక్కు, గడ్డం, రొమ్ము మధ్యభాగం ఒకే గీతలో ఉండాలి. తల కిందికి వాలితే దిండు చాలలేదు, పైకి లేస్తే ఎక్కువైంది. మోకాళ్ల మధ్య రెండో దిండు పెట్టుకుంటే తుంటి మీద లాగుడు పోతుంది. కింది భుజాన్ని కాస్త ముందుకు లాక్కోండి, ఒంటి బరువు భుజం మొన మీద కాకుండా వెనక రెక్క మీద పడుతుంది. పై చెయ్యిని పొడవాటి దిండు మీద వాల్చండి.

చెవిని మరిచిపోవద్దు. దిండుకు ఆనిన చెవి డొప్ప మడతపడి ఉంటే మొదటి ఐదు నిమిషాలు ఏమీ తెలియదు. తర్వాత అక్కడ సన్నగా వేడి మొదలై, కాసేపటికి దృష్టంతా అక్కడే నిలిచిపోతుంది. పడుకోగానే వేలితో చెవిని ఒకసారి సాపు చేసుకోండి. ఇంత చిన్న పని వల్ల నిలబడిన ప్రయత్నాలు చాలా ఉన్నాయి.

కుడి పక్కా, ఎడమ పక్కా అని అడుగుతారు. టిబెటన్ స్వప్న యోగంలో కుడి పక్కకు ఒత్తిగిలి, కుడి అరచెయ్యి చెంప కింద పెట్టుకుని, ఎడమ చెయ్యి తొడ మీద చాచి పడుకోమంటారు. పరినిర్వాణ శిల్పాల్లో బుద్ధుడు పడుకుని కనిపించేది ఈ సింహశయ్యలోనే. ఒకసారి తప్పకుండా ప్రయత్నించండి. చెంప కింద చెయ్యి ఉండటం వల్ల ఆ స్పర్శ మీద ఎరుక నిలుస్తుంది, వైల్డ్‌కి బాగా పనికొస్తుంది. అయితే గుండెల్లో మంట ఉన్నవాళ్లకు కుడి పక్క పడదు, వాళ్లు ఎడమకే తిరగాలి. మిగతావాళ్లు ఒంటికి ఏది నచ్చితే అది.

వెల్లకిలా: వైల్డ్ కోసం ఎక్కువగా చెప్పేది ఇదే, అందుకు కారణం ఉంది. చాలామంది ఇలా పడుకుని వెంటనే నిద్రపోలేరు, ఎరుక ఎక్కువసేపు నిలుస్తుంది. ఒంటికి రెండు వైపులా బరువు సమంగా ఉంటుంది కాబట్టి తిమ్మిర్లు తక్కువ. కానీ దీనికి సరంజామా కావాలి. మోకాళ్ల కింద దిండు పెట్టుకోకపోతే నడుము వంపు ఖాళీగా వేలాడి కాసేపటికి లాగుతుంది. తల కింద పలచటి దిండే వాడండి, గడ్డం రొమ్ముకు ఆనేంత ఎత్తు పెడితే గొంతు నొక్కుకుని గురక మొదలవుతుంది. మెడ వంపు కింద తువ్వాలు చుట్ట పెట్టుకోవచ్చు. చేతులు ఒంటికి ఆనకుండా, జానెడు దూరంగా, అరచేతులు ఎటు తిరిగితే అటు వదిలేయండి. రొమ్ము మీద చేతులు పెట్టుకోవద్దు. నిద్ర అంచున అవి రాళ్లలా బరువనిపించి, ఊపిరి అందట్లేదన్న భయం పుట్టిస్తాయి.

ఒక హెచ్చరిక. నిద్ర పక్షవాతం, అంటే మెలకువ వచ్చినా ఒళ్లు కదలని స్థితి, వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువగా వస్తుంది. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, గదిలో ఎవరో ఉన్నట్టు అనిపించవచ్చు. ప్రాణాపాయం లేదు, కొద్ది సేపట్లో దానంతటదే పోతుంది. వస్తే పెనుగులాడకండి. నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ కాలి బొటనవేలిని కదపడానికి ప్రయత్నించండి. ఇది తరచూ వచ్చి భయపెట్టేవాళ్లు వెల్లకిలా భంగిమను పూర్తిగా మానేసి పక్కకు ఒత్తిగిలండి.

వాలుగా: వెల్లకిలా పడుకుంటే నిద్రే రాదు, పక్కకు తిరిగితే ఎరుక ఉండదు అనేవాళ్లకు మధ్యేమార్గం ఇది. వెనక్కి వాలే కుర్చీలో గానీ, మంచం తలాపి వైపు దిండ్లు పేర్చుకుని గానీ, నడుము పైభాగం 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండేలా వాలండి. తలకు రెండు పక్కలా ఆసరా ఉండాలి. లేకపోతే కండరాలు వదులవగానే తల పక్కకు వాలి, ఆ కుదుపుకి మెలకువ వచ్చేస్తుంది. పొద్దుటి కునుకులకు ఇది చాలా బాగుంటుంది. మడమలు అంచుకు ఒత్తుకోకుండా పిక్కల కింద తువ్వాలు వేసుకోండి.

బోర్లా: మైల్డ్‌కి తప్ప దేనికీ సూచించను. మెడ మెలిక, రొమ్ము మీద ఒత్తిడి ఎక్కువసేపు కుదురుగా ఉండనివ్వవు. అలవాటు మానలేకపోతే ఒక మోకాలు పక్కకు మడిచి, ఆ వైపు పొత్తికడుపు కింద పలచటి దిండు పెట్టి, ముప్పాతిక వంతు మాత్రమే బోర్లా తిరగండి.

6. చేతులు, మోచేతులు

విడిగా రాయడానికి కారణం ఉంది. భంగిమ చెడగొట్టేవాటిలో చేతులదే మొదటి స్థానం. మోచెయ్యి 90 డిగ్రీలకంటే ఎక్కువ మడిచి ఉంచితే అక్కడి నరం సాగి, చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. తల కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతే మొత్తం చెయ్యే మొద్దుబారుతుంది. చెయ్యి తల పైకి చాపుకుంటే భుజం పట్టేస్తుంది. సింహశయ్యలో కూడా బరువు దిండు మీదే పడాలి, అరచెయ్యి దిండుకీ చెంపకీ మధ్య ఊరికే ఆని ఉండాలి. లేచాక గంటైనా తిమ్మిరి పోకపోయినా, చెయ్యి ఎత్తలేకపోయినా డాక్టర్‌కి చూపించండి.

వైల్డ్ చేసేవాళ్లకు ఒక ప్రత్యామ్నాయం: వెల్లకిలా పడుకుని, మోచెయ్యి పరుపు మీద ఆన్చి, ముంజేతిని నిటారుగా నిలబెట్టండి. సరిగ్గా నిలబెడితే దానికి పెద్ద బలం అక్కర్లేదు. నిద్రలోకి జారగానే చెయ్యి పడుతుంది, ఆ కదలికకు ఎరుక తిరిగొస్తుంది. రెండు మూడుసార్లు పడ్డాక చెయ్యి పక్కన పెట్టేసి మామూలుగా కొనసాగండి. ఒంటరిగా పడుకున్నప్పుడే చేయండి, పక్కవాళ్ల ముఖం మీద పడొచ్చు.

7. అసలు ప్రయత్నం

పడుకున్నాక మొదటి రెండు నిమిషాలు ఎంతైనా కదలండి. గీరుకోండి, దుప్పటి లాక్కోండి, దవడ వదులు చేయండి, నాలుకను పళ్లకు ఆనించి వదిలేయండి. ఆ తర్వాత నిదానంగా ఊపిరి తీసుకుంటూ అరికాళ్ల నుంచి నుదుటి దాకా ఒక్కో భాగాన్నీ వదులుకుంటూ రండి.

మైల్డ్ అయితే ఇక్కడితో భంగిమ గొడవ ముగిసింది. కల గుర్తు చేసుకోండి, మాట అనుకోండి, నిద్రపోండి. మధ్యలో కదలాలనిపిస్తే కదలండి.

వైల్డ్ అయితే పది, పదిహేను నిమిషాలకు దురద మొదలవుతుంది. ముక్కు పక్కనో, కనుబొమ్మ దగ్గరో సూదిమొనంత చోట మొదలై, పెరిగి, ఇక భరించలేననిపించేంత ఎత్తుకు వెళ్తుంది. దాన్ని అణచబోకుండా, అది ఎంత పెద్దదో, ఎక్కడ అంచు ఉందో చూస్తూ ఉండండి. చాలాసార్లు అర నిమిషంలో దానంతటదే దిగిపోతుంది. దిగకపోతే హాయిగా గీరుకోండి. ఒక్కసారి గీరుకుంటే అంతా పోయిందనుకోవడం పొరపాటు, శిలలా కదలకుండా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. గుటక కూడా అంతే. వెల్లకిలా ఉన్నప్పుడు నోట్లో లాలాజలం చేరుతుంది, గుటక వేయకూడదేమోనన్న ఆలోచనే దాన్ని పెంచుతుంది. తల కొద్దిగా పక్కకు తిప్పుకుంటే సర్దుకుంటుంది.

తర్వాత రెప్పల వెనక రంగులు, ముఖాలు, అర్థంలేని మాటలు కనిపించడం, వినిపించడం మొదలవుతాయి. ఒళ్లు ఒక్కసారి ఉలిక్కిపడవచ్చు. అది మామూలే. భంగిమ గురించి ఆలోచించడం ఇక్కడితో ఆపేయండి.

20 నిమిషాలు దాటినా ఏమీ జరగకపోతే పట్టుబట్టొద్దు. మీ అలవాటైన పక్కకు దొర్లి, మైల్డ్ మాట అనుకుంటూ నిద్రపోండి. ఓడిపోయినట్టు కాదు. చాలామందికి కల అందేది సరిగ్గా ఈ దొర్లిన తర్వాతే. అప్పటికి మనసు మెలకువగా ఉంది, ఒంటికి కావలసిన సుఖం కూడా దొరికింది. అందుకే రెండో భంగిమను కట్టుకునేటప్పుడే, ఒక్క దొర్లుతో ఆ అలవాటైన పక్కకు చేరేలా దిండ్లు అమర్చుకోండి.

8. మెలకువ వస్తే కదలొద్దు

కల మధ్యలో తెగి మెలకువ వచ్చిందనుకోండి. కళ్లు తెరవకండి, చెయ్యి కదపకండి. ఉన్న భంగిమలోనే ఉండి, ఇందాకటి చోటును మళ్లీ తలచుకోండి. చాలాసార్లు కొద్ది సెకన్లలోనే కల తిరిగి అందుతుంది. ఒకవేళ అప్పటికే కదిలిపోయి ఉంటే, నిద్రలేచిన భంగిమలోకే తిరిగి వెళ్లండి. కలను గుర్తు చేసుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది.

మెలకువ వచ్చిందనుకున్న ప్రతిసారీ ముక్కు, నోరు మూసుకుని ఊపిరి పీల్చి చూడండి. గాలి ఆడితే మీరింకా కలలోనే ఉన్నారు. పడుకున్న గది, దుప్పటి, దిండు అన్నీ అచ్చంగా కలలో కనిపించి, "ఇవాళ కూడా కుదరలేదు" అని లేచి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. వేళ్ల పద్ధతిలోనైతే, వేళ్లు కదుపుతూ అర నిమిషం గడిచాక ఈ పరీక్ష చేయడమే అసలు కీలకం.

తరచూ చేసే పొరపాట్లు

రోజుకో భంగిమ మార్చడం అన్నిటికంటే పెద్దది. కొత్త భంగిమకు ఒళ్లు అలవాటు పడటానికే కొన్ని రాత్రులు కావాలి. కనీసం వారం ఒకే దాన్ని పట్టుకోండి, అది కూడా వారంలో రెండు మూడు తెల్లవారుజాములు మాత్రమే. రోజూ నిద్ర తెంచుకుంటే పగలు మగతగా ఉంటుంది, కలలు కూడా గుర్తుండవు.

రెండోది, ఒకేసారి అన్నీ మార్చడం. దిండు, పక్క, అలారం సమయం, పద్ధతి అన్నీ ఒకే రాత్రి మార్చేస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు.

ఇంకొకటి, అసౌకర్యాన్ని సాధనగా భావించడం. "ఒక్క మెట్టు తక్కువ సుఖం" అన్నానని గట్టి నేల మీద, దిండు లేకుండా పడుకునేవాళ్లున్నారు. నొప్పి ఎరుకను ఒంటికే కట్టేస్తుంది, కలలోకి పోనివ్వదు.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

లూసిడ్ డ్రీమ్ వచ్చిందా లేదా అన్నదొక్కటే కొలతగా పెట్టుకుంటే తొందరగా నిరాశ పడతారు. భంగిమను భంగిమగా కొలవండి. ప్రతి ప్రయత్నం తర్వాత పుస్తకంలో ఇవి రాయండి: భంగిమ ఏది, మొదట ఫిర్యాదు చేసిన భాగం ఏది, నిద్ర పట్టడానికి సుమారు ఎంతసేపు పట్టింది, ఎరుక ఎక్కడిదాకా నిలిచింది, కల ఎంత గుర్తుంది.

ఒకే భాగం మళ్లీ మళ్లీ ఫిర్యాదు చేస్తుంటే భంగిమను కాదు, ఆ చోటి దిండును మార్చండి. పక్కకు ఒత్తిగిలినప్పుడు తుంటి అయితే మోకాళ్ల మధ్య దిండు మందం పెంచండి. భుజం అయితే తల దిండు ఎత్తు పెంచండి. ఫిర్యాదులేవీ లేకుండా ఎరుక ఇట్టే పోతుంటే అది మీ మైల్డ్ భంగిమ, వైల్డ్ కోసం పక్క మార్చండి. ఫిర్యాదులు లేవు, ఎరుక ఉంది, నిద్ర మాత్రం రావట్లేదంటే తప్పు భంగిమది కాదు. మీరు మరీ తొందరగా లేచారు, లేదా మరీ ఎక్కువసేపు మెలకువగా ఉన్నారు. అలారాన్ని అరగంట వెనక్కో ముందుకో జరపండి, లేచి ఉండే సమయాన్ని 10 నిమిషాలకు తగ్గించండి.

పక్కన ఇంకొకరు పడుకునే మంచమైతే, వాళ్లకు ముందే చెప్పండి. అలారాన్ని దిండు కింద వణికేలా పెట్టుకోండి. లేచాక వీలైతే వేరే చోట పడుకోండి. ఆ చోటును ఈ ప్రయత్నాలకే ఉంచుకుంటే, అక్కడ తల వాల్చగానే మనసు పనిలోకి దిగడం కొన్ని వారాల్లో అలవాటవుతుంది.